ఫర్ మేనేజర్

"కూలిన ఆ గోడకి అనుమతి ఇవ్వమన్నది మీరే కదా సార్," అన్నాడు గుమాస్తా.

మేనేజరు కాగితం ముందుకు తోశాడు. "సంతకం ఎవరిది?"

"నాదే. పైన 'ఫర్ మేనేజర్' అని ఉంది చూడండి. ఫర్ అంటే మీ తరఫున అని మీరే చెప్పారు. పదహారేళ్లుగా అలాగే పెడుతున్నా."

"నేను పెట్టమన్నట్టు ఎక్కడైనా రాసుందా?"

లేదు. అంతా నోటిమాటే.

మేనేజరు చేతులు దులుపుకుని సస్పెన్షన్ ఆర్డరు అందించాడు. అడుగున మళ్లీ 'ఫర్ మేనేజర్', దాని కింద పక్క సీటావిడ సంతకం. ఆ పని ఆవిడకి నేర్పింది గుమాస్తానే.

బయటికొస్తే ఆవిడ తలెత్తలేదు. "సార్ పెట్టమన్నారు అన్నయ్యా."

గుమాస్తా ఆర్డరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆ మాట రాయించుకున్నావా అమ్మా?" అన్నాడు.