పిల్లి పేరు

నా భార్య పోయిన ఇరవై మూడో రోజు పొద్దున, ప్రహరీ అవతల నుంచి కేక వినపడింది.

“ఒరేయ్ కోటేసూ! ఏడ చచ్చావురా?”

నరసరావుపేట కాలేజీలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన కోటేశ్వరరావును నేను. చొక్కా వేసుకోకుండానే బయటికి వచ్చాను.

పక్కింటి మైమూనా నాలుక కరుచుకుంది. “మిమ్మల్ని కాదన్నా, పిల్లిని.”

“పిల్లికి నా పేరేందమ్మా?”

“నేనా పెట్టింది? అక్కే పెట్టింది. మీరు కాలేజీకి పోవటం ఆలస్యం, కోటేసూ, కోటేసూ అని ఒకటే పిలుపు.”

ఒక్కసారి పేరు పెట్టి పిలవమని నా భార్యను పెళ్లయిన కొత్తలోనే అడిగాను. భర్త పేరు పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని ఆమె నమ్మకం. ఆసుపత్రిలో నర్సు భర్త పేరు అడిగినా నావైపు వేలు చూపించిందే గానీ నోరు విప్పలేదు. పిలవకుండానే పోయిందని నాకు ఇప్పటికీ కోపం.

“పిల్లిని తిట్టేదా?”

“తిట్టకుండా ఉంటదా? తిండి మానేసి చిక్కిపోతే నిన్నెవడు చూస్తాడురా అనేది.” మైమూనా నన్ను ఎగాదిగా చూసింది. “మీరూ చానా చిక్కారన్నా.”

“అక్క పిలిచినట్టు ఇంకోసారి పిలువమ్మా.”

“పిల్లినేగా?” అని నవ్వి, గోడ వైపు తిరిగి గొంతు పెంచింది. “ఒరేయ్ కోటేసూ! అన్నానికి రారా!”

పిల్లి రాలేదు.

నేను పళ్లెం తీసుకుని వెళ్లాను.