దాచేది ఒకరు, పారేసేది ఒకరు

"ఇవాళ కూడా తక్కువేనా అంకుల్?"

సూపర్‌వైజరు జశ్వంత్ గొంతు షెడ్డంతా వినిపించింది.

భీమయ్య తలెత్తలేదు. పాత కోటు జేబులు వెతికి, లోపలి అస్తరంతా వేళ్ళతో తడిమి, అప్పుడు తీరిగ్గా గుండీలు కోశాడు.

మెల్‌బోర్న్ శివారు టార్నీట్ అవతలి ఆ షెడ్డుకి నగరం జనం వదిలించుకున్న బట్టలన్నీ వస్తాయి. గుండీలూ జిప్పులూ కోసేస్తే, మిషను వాటిని చీల్చి దూది చేస్తుంది. దూది మళ్ళీ నూలవుతుంది. మిషనుదేమో కుంభకర్ణుడి ఆకలి. భీమయ్యవేమో పెళ్ళినడకలు.

"స్కానర్ ఉందిగా? ఇంకా ఆ తడుముడేంటి?"

"అది బట్ట సంగతి చెబుద్ది బాబూ. బట్టలో దాచిందాని సంగతి చెప్పదు."

"పారేసే బట్టలో ఎవరు దాస్తారు అంకుల్?"

"దాచేది ఒకరు, పారేసేది ఒకరు."

భీమయ్య ఓ చొక్కా ఎత్తి చూపించాడు. "ఇది మూడు పెళ్ళిచూపులకెళ్ళింది. మూడుచోట్లా కాఫీ ఇచ్చి పంపేశారంట. పొద్దున్నుంచీ నా దగ్గర ఒకటే ఏడుపు."

నవ్వేవాళ్ళు లేరు. మిగతావాళ్ళకి తెలుగు రాదు. వచ్చిన జశ్వంత్‌కి తీరిక లేదు.

జశ్వంత్ మెడలో గొలుసుకి ఒక ముక్కుపుడక వేలాడుతుంటుంది. అమ్మ పోయాక ఈ దేశంలో అతనికి తోడు అదొక్కటే. జశ్వంత్ పనిలో చేరిన రోజే దాన్ని చూసి భీమయ్య నవ్వాడు.

"జాగ్రత్త బాబూ. జారిపోయే వస్తువు."

ముసలాళ్ళకి అన్నీ కావాలి, అనుకున్నాడు జశ్వంత్.

టీ బెల్లు కొడితే అందరూ ఎండలోకి పోయేవారు. భీమయ్య ఒక్కడూ బల్ల దగ్గరే, బిస్కెట్ల డబ్బా ముందేసుకుని ఏదో కుట్టుకునేవాడు. ఏమిటని ఎవరూ అడగలేదు.

శుక్రవారం మేనేజరు అన్నాడు: "ఆ ముసలాయన సంగతి నువ్వే తేల్చు."

ఎదురుపడి చెప్పలేక జశ్వంత్ మెసేజ్ పెట్టాడు. 'సోమవారం నుంచి రావద్దు అంకుల్. సారీ.'

జవాబొచ్చింది. 'మంచిది బాబూ. జేబులు మాత్రం చూడమను.'

సోమవారం మిషను కడుపు నిండింది. ఎవరూ జేబులు చూడలేదు.

సాయంత్రం బల్ల ఖాళీ చేస్తూ జశ్వంత్ ఆ డబ్బా తెరిచాడు. ఎర్ర దారపు ఉండ, సూది. వాటి కింద కవర్లు. నోరు తెరిచున్నవాటిలో ఒకదాంట్లో ఉంగరం, ఒకదాంట్లో చంటిపాప ఫొటో. పైన అడ్రసులున్నాయి, పంపేవాళ్ళ పేరు లేదు. మిగతా కవర్ల నోళ్ళు జిగురుతో అంటించలేదు. ఎర్ర దారంతో, గుండీ కాజా కుట్టినట్టు కుట్టేశాడు భీమయ్య.

జశ్వంత్ చెయ్యి మెడలోని గొలుసు మీద ఆగిపోయింది.

ఫోన్ చేస్తే స్విచాఫ్. భీమయ్య అద్దె గదికి పరిగెత్తాడు.

"నిన్ననే ఖాళీ చేశారండీ," అంది ఇంటామె వసంత. "ఎక్కడికో చెప్పలేదు. ఆరేళ్ళలో ఆయన కోసం వచ్చింది మీరొక్కరే."

ఇంటికొచ్చి సూట్‌కేసు అడుగున వెతికాడు జశ్వంత్.

చినిగిందని తను పారేసిన ప్యాంటులోంచి కోసిన, అమ్మ కుట్టిన దొంగజేబు, అందులో ఆమె ముక్కుపుడక, 'తప్పిపోతే ఎవరికైనా చూపించు' అని ఆమె రాసిపెట్టిన ఇక్కడి అడ్రసు చీటీ, అన్నీ భద్రంగా పెట్టి, అమ్మ పోయిన నెలకి ఎవరో పంపిన ఆ పాత కవరు నోటికీ అదే ఎర్ర దారం, అదే కాజా కుట్టు.