ఒక జతకు మించకుండా

"కర్రలు నాలుగున్నాయేంటమ్మా?"

కౌంటరు ఆవిడ సంచీ జిప్పు మళ్లీ లాగి చూసింది. సామాను తోసుకొచ్చినతను బెల్టు మీద రెండు పొడుగాటి సంచులు పెట్టాడు. మొదటిదాంట్లో మంచు మీద జారే స్కీలు ఒక జత, వాటి బూట్లు ఒక జత. రెండోదాంట్లో అన్నీ కర్రలే. ఒక్కోదాని కొసన జానెడు పలక.

"ఇద్దరం కదండీ!" అంది, ఎత్తయిన కౌంటరు పైనుంచి కనిపిస్తున్న రెండు మొహాల్లో చిన్నది.

"మరి స్కీలు ఒకటే జత ఉన్నాయేం?"

"ఇద్దరం కదండీ!" అంది పెద్దది.

ఇద్దరూ ఒకళ్ల భుజం మీద ఒకళ్లు పడి నవ్వారు.

కౌంటరు ఆవిడకి నవ్వు రాలేదు. ముప్పై ఏళ్లుగా ఆ బల్ల వెనక కూర్చుని, కావలించుకుని విడిపోయేవాళ్లనీ, ఏడుపు మింగేసి చెయ్యూపేవాళ్లనీ చూసీ చూసీ ఆవిడకి ప్రతిదానికీ గుండెదడే. ఎవరి ప్రయాణానికి అడ్డం వచ్చినా ముందు చెమటలు పట్టేది ఆవిడకే.

"రూలు చదువుతా వినండి. 'స్కీ సంచీలో స్కీలు గానీ, బూట్లు గానీ, కర్రలు గానీ ఒక జతకు మించకూడదు.' కాబట్టి నాలుగు కర్రలూ ఒకే సంచీలో కుదరవు. పోనీ విడిగా పంపిద్దామా అంటే, ఉత్త కర్రలున్న సంచీ స్కీ సంచీ కింద లెక్కరాదు, మామూలు సామానే. మీ మామూలు పెట్టెలు రెండూ ఇందాకే లోపలికి పోయాయి. విమానం నిండిపోయింది, అదనంగా ఒక్కటి కూడా ఎక్కించొద్దన్నారు."

నవ్వులు ఆగిపోయాయి.

"అంటే రెండు కర్రలు ఇక్కడే వదిలెయ్యాలా?"

"స్కీలు ఎలాగూ ఒకటే జత కదమ్మా. వంతులేసుకుని దిగండి."

"వంతులా!" చిన్నదాని గొంతు కీచుమంది. "రేపు పొద్దున జంట పోటీ అండీ! ఇద్దరం ఒకేసారి పక్కపక్కనే దిగాలి. మూడేళ్లుగా దీనికోసమే ఒళ్లు హూనం చేసుకుంటున్నాం. నాలుగు కర్రల్లో ఏ ఒక్కటి లేకపోయినా మేం కొండ ఎక్కీ దండగే."

ఒకే జత స్కీల మీద ఇద్దరు ఒకేసారి ఎలా దిగుతారు? ఒకళ్లు ఇంకొకళ్లని వీపున ఎక్కించుకుంటారా? అడగబోయి గడియారం చూసింది కౌంటరు ఆవిడ. కౌంటరు మూసెయ్యడానికి పన్నెండు నిమిషాలే ఉన్నాయి.

"అక్కచెల్లెళ్లా మీరు?" అంది, రూళ్ల పుస్తకం తిరగేస్తూ.

"వదినా మరదళ్లం. చెప్పుల కొట్లో కుదిరిన సంబంధం!" అంది చిన్నది. "ఎర్ర బూట్లు ఒకే ఒక్క జత మిగిలింది. ఈవిడా నేనూ ఒకేసారి పట్టుకున్నాం. ఇద్దరిదీ ఒకటే సైజు. గంటసేపు పోట్లాడుకుని, చివరికి ఇద్దరం కలిసి కొనుక్కున్నాం. ఇంత గయ్యాళిని ఊరి మీద వదలకూడదని మా అన్నయ్యకి కట్టబెట్టా."

"అప్పట్నుంచీ ఇంట్లో ఆడవాళ్లకి ఏం కొన్నా ఒకటే జత," అంది వదిన. "ఈవిడ పిసినారితనం అలాంటిది."

"మా అన్నయ్యని మాత్రం పంచవేం?"

"పంచడమెందుకు తల్లీ, మొత్తం నువ్వే తీసుకో. గురకతో సహా!"

కౌంటరు ఆవిడకి ఈసారి నవ్వాగలేదు. నవ్వుతూనే ఒక వాక్యం దగ్గర ఆమె వేలు ఆగింది. కళ్లజోడు సవరించుకుని మళ్లీ చదివింది.

"ఉండండుండండి! 'మించకూడదు' అన్నారు గానీ తగ్గకూడదని ఎక్కడా అనలేదు! ఒక్కో సంచీలో ఒక స్కీ, ఒక బూటు, రెండు కర్రలు. ఏదీ జతకు మించలేదు. రెండూ స్కీ సంచులే అవుతాయి, మనిషికొకటి!"

"అమ్మ బాబోయ్!" మరదలు బల్ల మీద రెండు చేతులతో దరువేసింది.

అంతలోనే కౌంటరు ఆవిడ మొహం వాడిపోయింది. "కానీ జతని విడదీస్తున్నామే! దారిలో ఒక సంచీ తప్పిపోతే రెండోది ఎందుకు పనికొస్తుందమ్మా?"

వదినా మరదళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"మీరు బెంగపడకండి," అంది వదిన. "ఒక సంచీకి నా పేరు రాయండి, ఒకదానికి దాని పేరు. అసలు ఇంటి దగ్గరే ఇలా సర్దాల్సింది, మా బుర్రలకి తట్టనే లేదు!"

సామాను తోసుకొచ్చినతను ఒక్క మాటా అడగలేదు. చిరునవ్వుతో స్కీలూ, బూట్లూ విడదీసి చెరో సంచీలో సర్దేశాడు. కౌంటరు ఆవిడ పేర్లు సరిచూసి చీటీలు తగిలించింది. విడిపోతున్న ఆ రెండు సంచుల్నీ ఒకసారి నిమిరింది. ముందూ వెనకా తూలుకుంటూ అవి బెల్టు మీద లోపలికి పోయాయి.

"దారిలో మీకేమైనా సాయం కావాలా? అందర్నీ అడగాలి, ఇదీ రూలే."

"వద్దండీ. దానికి నేను, నాకది."

"గెలిచి రండి!"

"గెలిస్తే కప్పు కూడా సగం సగమే!" మరదలి కేక దూరమైంది.

ఆవిడ తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలబోయి, బల్ల మీద మరదలి పాస్‌పోర్టు చూసింది. దాన్ని పట్టుకుని బల్ల చుట్టూ తిరిగి బయటికి పరిగెత్తింది.

"అమ్మాయిలూ! ఆగండి!"

నేల మీద టకటకలాడుతున్న ఊతకర్రల చప్పుడు ఆగింది. ఇద్దరూ వెనక్కి తిరిగారు. నున్నటి పాలరాతి మీద ఎర్ర బూట్ల జత ఒకటి తళుక్కుమంది.

ఇద్దరికీ కలిపి కాళ్లు రెండే.