ఎక్కువైన యాభై కిలోలు

జీపు వెనక తగిలించే ట్రాలీ, సామానుతో కలిపి ఏడువందల యాభై కిలోలు దాటకూడదని కంపెనీ పుస్తకంలో ఉంది. కాంటా ఏడువందల తొంభై చూపిస్తోంది.

వెంకట్రాజం కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. చేతిలోని కాగితం ప్రకారం ఏడువందల నలభైయే ఉండాలి.

నర్సంపేట రోడ్డులో ఆ లారీల కాంటా నడిపేది ఆయనే. "కాగితం ముచ్చట నాకు చెప్పకు, కాంటా ఎక్కియ్" అని ముప్పై ఏళ్లుగా డ్రైవర్లను దబాయించిన మనిషి. ఇవాళ సొంత కాంటాయే పరువు తీస్తోంది.

మేడారం జాతరకు పోవాలి. రేపు సాయంత్రానికి అమ్మవార్లు వనంలోకి వెళ్లిపోతారు. అక్కడ బంగారమని పిలిచే బెల్లం ఆలోపు వాళ్ల గద్దెలకు చేరకపోతే మొక్కు మళ్లీ రెండేళ్లకే. భార్య రాజక్కకు అదే బెంగ.

"జర పోనియ్ రాజన్నా, నలభై కిలోలకు ఏమైతది?" అన్నాడు జీపు డ్రైవరు ఖాజా పాషా.

"గట్టమ్మ గుట్ట దిగేకాడ బ్రేకు పడకపోతే తెలుస్తది!"

డాక్టరు బరువులెత్తొద్దన్నాడు కాబట్టి వెంకట్రాజం వేలు మాత్రమే ఎత్తాడు. ఆ వేలు చూపినవన్నీ పాషా దించాడు. బిందెలు, పరుపు, గ్యాస్ పొయ్యి. ఇంకా పదిహేను కిలోలు ఎక్కువే.

ఇక ఒక్కోటీ విడిగా తూచారు. బియ్యం సరిపోయింది. గుడారం సరిపోయింది. మిగిలింది బెల్లం. కాగితంలో డెబ్బై అని ఉంది. ఆ ఒక్క అంకె మాత్రం ఆయన తూచి రాయలేదు. తూచడమెందుకు, తన నోటితో తాను చెప్పిందేగా!

బెల్లం బస్తాలు నూట ఇరవై తూగాయి.

ముప్పై ఏళ్లు ఊరందరికీ పాఠం చెప్పి, తూచని అంకె రాసుకున్నందుకు వెంకట్రాజానికి తన మీద తనకే నవ్వొచ్చింది.

"ఏ షావుకారన్నా యాభై కిలోలు ఉత్తగ ఇస్తడానే?" అన్నాడు పక్కనే ఉన్న రాజక్కతో.

"షావుకారు ఇయ్యలే. నేనే కొన్న."

"డెబ్బై చాలన్న గదా! పాషా, రెండు బస్తాలు దించు."

రాజక్క పోయి బస్తాల మీద కూర్చుంది. కొంగుతో కళ్లొత్తుకుంది.

"పొయ్యి దించినవ్, పరుపు దించినవ్, ఊకున్న. ఇది మాత్రం దించనియ్య."

"ఎందుకే?"

"నీ గుండె ఆపరేషన్ నాడు నీ ఎత్తు బంగారమిస్తనని మొక్కిన, నువ్వు అందరికీ చెప్పుకునే డెబ్బై కాదు, దవాఖాన కాంటా మీద నా కండ్లతోటి చూసిన నూట ఇరవై!"