ఎర్ర ఆవిరి కారు

"వెనక్కి జరగండి సార్. పేలితే రేకు ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం," అన్నాడు ఫిట్టర్.

విచారణకు వచ్చిన ఇంజనీరు తలుపు చాటుకు జరిగాడు. గది మధ్యలో మూరెడు పొడవున్న ఆవిరి కారు ఉంది. దాని వెనక భాగంలో రాగి బాయిలర్, కింద స్పిరిట్ దీపం, నెత్తిన వేలి కొసంత సేఫ్టీ వాల్వ్. అద్దాలు పగలకుండా కిటికీకి అడ్డంగా పరుపు నిలబెట్టారు. ఫిట్టర్ భార్య వంటగది గుమ్మం పట్టుకుని నిలబడింది.

అద్దకం ఫ్యాక్టరీలో బాయిలర్ పేలి నలుగురు పోయారు. వాళ్ళలో బాయిలర్ ఆపరేటర్ కూడా ఉన్నాడు. ఆ బాయిలర్‌కి సేఫ్టీ వాల్వ్ చేసి బిగించింది ఈ ఫిట్టరే. ఆవిరి హద్దు మీరితే వాల్వ్‌లోని ఉక్కు గుండు పైకి లేచి దాన్ని బయటికి వదిలేయాలి. ఆ రోజు వదల్లేదు. ఎందుకు వదల్లేదన్నదే ఇప్పుడు పేచీ. ముక్కలైన ఇనుములో జవాబు దొరకలేదు.

"రెండే దారులు మేస్త్రీ గారూ," అని ఇంజనీరు మొదటి రోజే చెప్పాడు. "మీ వాల్వ్ పట్టేసి ఉండాలి. అప్పుడు తప్పు మీది, జైలు తప్పదు. లేదా పని మధ్యలో ఆవిరి తగ్గకూడదని ఆపరేటర్ దాని మీద చెక్కముక్క బిగించి ఉండాలి. అలా చేసేవాళ్ళున్నారు కదా."

"ఉన్నారు," అని ఒప్పుకున్నాడు ఫిట్టర్. "అదే వాల్వ్ చిన్నది చేసి మీ కళ్ళ ముందు పెడతాను. ఏది నిజమో మీరే చూద్దురుగాని. అందాకా ఏమీ రాయకండి."

ఇంజనీరు మంచివాడు. సరేనన్నాడు.

సగంలో ఆగిపోయిన బొమ్మ కారు ఒకటి మంచం కింద ఏళ్ళ తరబడి పడి ఉంది. ఫిట్టర్ దాన్ని బయటికి లాగాడు. ఫ్యాక్టరీ నేల యంత్రాల అదురుకి ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది. చేయబోయే చిన్న బాయిలర్ కూడా అలా అదరాలంటే చక్రాల మీద ఉండాల్సిందే. కారంతా గుడ్డతో తుడిచాడు. బానెట్ మీద ఎర్ర రంగు ఆరకముందు పడిన చిన్న వేలి ముద్ర ఒకటుంది. అక్కడ మాత్రం నోటితో ఊది ఊరుకున్నాడు.

రాగి రేకు వంచి, వెండి టంకం పెట్టి బాయిలర్ కట్టాడు. తిండీ నిద్రా పట్టించుకోలేదు. కళ్ళు చెమర్చితే టంకం పొగ అన్నాడు.

మొదటిసారి మంచినీళ్ళు పోసి మంట పెడితే వాల్వ్ బుస్సుమని చక్కగా తెరుచుకుంది. మరొకరైతే ఎగిరి గంతేసేవారు. ఈయన పళ్ళు కొరుకుతూ మొత్తం విప్పి ముందేసుకున్నాడు. సొంత పని మీద ఇంత పగబట్టిన మనిషి ఇంకొకడు ఉండడు!

"ఇంకోసారి చూడండి," అంది భార్య.

ఫ్యాక్టరీ బోరు నీళ్ళు తెప్పించి పోశాడు. లోపలంతా సుద్దలా పేరుకుంది. అయినా వాల్వ్ తెరుచుకుంది. గుండును ఉప్పునీళ్ళలో నానబెట్టి తుప్పు పట్టించాడు. అయినా తెరుచుకుంది.

"ఇంకోసారి," అంది ఆమె.

పేలుడు జరిగిన మర్నాడు పోయినవాళ్ళ బంధువులు ఈ ఇంటి మీదికి రాళ్ళు రువ్వారు. ఫిట్టర్ వాటిని పారేయలేదు. ఇప్పుడవన్నీ ఏరి, కారు కుదుపులు తినేలా నేల మీద పరిచాడు. లోపలి సుద్దనూ గుండు తుప్పునూ అలాగే ఉంచి ఇంజనీరుకి కబురు పెట్టాడు. ఇదే ఆఖరి పరీక్ష.

దీపం అంటుకుంది. నీళ్ళు మరిగాయి. కారు దడదడలాడుతూ రాళ్ళెక్కి దిగుతూ గుండ్రంగా తిరగసాగింది. ఆవిరి ఒత్తిడి చూపే గేజీ ముల్లు మెల్లగా లేచి ఎర్ర గీతను తాకింది. వాల్వ్ కదల్లేదు. ముల్లు గీత దాటింది. ఫిట్టర్ ఊపిరి బిగబట్టాడు. గుమ్మంలో ఆమె రెండు చేతులూ జోడించింది.

బుస్సుమంది. తెల్లటి ఆవిరి కప్పు దాకా ఎగసింది. ముల్లు బుద్ధిగా కిందికి దిగింది.

ఇంజనీరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"తుప్పు పట్టినా, సుద్ద పేరుకున్నా, ఇంత అదిరినా తెరుచుకుంది. మీ పనిలో లోపం లేదు మేస్త్రీ గారూ," అన్నాడు నెమ్మదిగా.

"ఇంకొక్కసారి చూడండి బాబూ," అంది ఆమె.

"ఎన్నిసార్లు చూడమంటారమ్మా?"

ఫిట్టర్ నేల మీద కూలబడ్డాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నాదే తప్పని రాసుకోండి సార్. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. జైలుకీ పోతాను."

"కళ్ళారా చూశాక అలా ఎలా రాయను? మిగిలిన మూడు చావులూ ఆపరేటర్ మీదే పడతాయి. నన్ను క్షమించండి," అని ఇంజనీరు తల దించుకుని బయటికి నడిచాడు.

స్పిరిట్ అయిపోయి కారు ఆగింది. ఆమె వచ్చి దాని పక్కన కూర్చుంది. ఎర్ర రంగులోని చిన్న వేలి ముద్ర మీద తన వేలు ఆనించింది.

ఆ ముద్ర వేసినవాడే, వాళ్ళ ఒక్కగానొక్క కొడుకే, ఆ రోజు బాయిలర్ దగ్గరున్న ఆపరేటర్.