తడి ఊపిరి

"ఊదవయ్యా ఆర్విన్, గట్టిగా ఊదు!" తుపాకీ పోటీలో పక్కనే కూర్చున్న డెల్ఫీన్ ఉడికించింది.

నల్ల తుపాకిమందు తూటా పేల్చిన ప్రతిసారీ తుపాకీ గొట్టంలో మసి గట్టిపడుతుంది. తడి ఊపిరి ఊదితేనే అది మెత్తబడి తర్వాతి గుండు సూటిగా పోతుంది. ఆర్విన్ బుగ్గలు పూరించి ఊదాడు, తూటా పెట్టి పేల్చాడు. పొగ తేలిపోయింది. మోంటానా కొండ కింద గురిగా నిలబెట్టిన ఇనప అడవిదున్న మాత్రం ఠంగుమనలేదు.

"అన్ని నీళ్లు తాగినా నోరెండిందా?" పడీపడీ నవ్వింది డెల్ఫీన్.

"నిన్న ఇంటిదగ్గర ఒక్కటీ తప్పలేదు. నీ పక్కన కూర్చుంటేనే ఇలా."

"మరి ఏటేటా ఇక్కడే కూర్చుంటావెందుకు? చోటు మార్చుకోరాదూ?"

"గెలవడానికి వస్తే మార్చుకునేవాణ్ణే."

డెల్ఫీన్ నవ్వు ఠక్కున ఆగింది. ఇక ఆమె వంతు. తన గొట్టంలోకి ఊదబోతే నాలుక అంగిటికి అంటుకుపోయింది.

"చూస్తావేం ఆర్విన్? ఆ నీళ్లేవో నాకూ ఇటివ్వు!"