షోకు కోసం ఇంటర్‌కూలర్

నరేంద్రబాబు రొయ్యల హ్యాచరీలో మేనేజరు క్రాంతి కుమార్ దొంగతనం చేసి మూడు రోజులైంది. యజమాని భార్య సాయిలక్ష్మి బీరువాలోంచి హారాలూ గాజులూ తీయడం సులువుగానే అయింది. వాటిని చెన్నై చేర్చడమే తలనొప్పి. అనుమానంతో ఎస్సై రెండుసార్లు అతని ఇల్లు సోదా చేశాడు, కారు సీట్లు పీకించాడు. అది చాలదన్నట్టు చెన్నై రోడ్డులో చెక్‌పోస్టు పెట్టాడు.

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడం పోలీసుల తీరు అని క్రాంతి కుమార్ నమ్మకం. అందుకని పాత సామాన్ల అంగట్లో పెద్ద ఇంటర్‌కూలర్ ఒకటి కొన్నాడు. టర్బో కార్లలో ఇంజనుకు పోయే వేడిగాలిని చల్లబరిచే జాలీ పెట్టె అది. కుర్రకారు దాన్ని ముందు బంపరులో అందరికీ కనపడేలా బిగించుకుంటారు. దాని పక్కడబ్బాలు బోలుగా ఉంటాయి. నగల సంచి అందులో కుక్కి, రెండు మూతులకూ గుడ్డలు దట్టించాడు.

ఇక కావలసింది నమ్మకమైన మెకానిక్. నెల్లూరులో అమీర్ బాషాను మించినవాడు లేడు. బండిలోంచి ఏది తీసినా, అరిగిపోయిన బోల్టయినా సరే, కవర్లో వేసి ఓనరు చేతికిస్తాడు. పరుల సొమ్ము అతనికి పాముతో సమానం.

సెకండ్‌హ్యాండ్‌లో కొన్నానని చెప్పి క్రాంతి కుమార్ కారునూ పెట్టెనూ అతనికి అప్పగించాడు. "దీనికి పైపులు తగిలించొద్దు భాయ్. బండిలో కంపెనీ కూలర్ అట్లనే ఉండనీ. ఇది ఊరికే షోకుకి."

అమీర్ బాషా పెట్టెనూ అతన్నీ మార్చి మార్చి చూశాడు. "పని చెయ్యని వస్తువు బండికి బరువు గదా సార్," అన్నాడు. నలభై ఏళ్లుగా చేతిపనిని నమ్ముకున్న మనిషి, మనసు కష్టపడింది. క్రాంతి కుమార్ వినిపించుకోలేదు. పోలీసులు ఆరా తీస్తారని ఫోన్ ఆపేసుకుని వెళ్లిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం వచ్చేసరికి కారు సిద్ధంగా ఉంది. బంపరు వెనక పెట్టె తళతళలాడుతోంది. బాషా జుమ్మా నమాజుకు వెళ్లాడట. అతని భార్య నూర్‌బీ తాళంచెవీ, మామూలు కవరూ ఇచ్చింది.

"ఎన్నిసార్లు చేసినా మీ ఫోను పోలేదంట సార్. ఏందో చెప్పాలంట, వచ్చిందాకా ఉండమన్నాడు."

పైపుల మీద ఉపన్యాసం వినే ఓపిక లేక క్రాంతి కుమార్ బయల్దేరాడు.

చెక్‌పోస్టు దగ్గర ఎస్సై పొద్దుటి నుంచీ స్వయంగా కాపు కాసి ఉన్నాడు. డిక్కీ, సీట్లు, స్టెప్నీ అన్నీ తీయించాడు. కానిస్టేబుల్ కవరును ఊపి, బోల్టుల చప్పుడు విని తిరిగిచ్చేశాడు. చివరకు ఎస్సై బంపరు ముందు వంగాడు.

"ఇదేందయ్యా కొత్తగా?"

"ఇంటర్‌కూలర్ సార్. బండి బాగా లాగతది."

ఎస్సై దాన్ని వేలితో తట్టి చూసి, పొమ్మన్నాడు.

గేటు దాటగానే క్రాంతి కుమార్ యాక్సిలరేటర్ తొక్కాడు. కారు ఎన్నడూ లేనంత హుషారుగా దూసుకుపోయింది. ముందున్న లారీలు చూస్తుండగానే వెనకబడ్డాయి. పట్టలేని ఆనందంతో ఈల వేశాడు. రెండు కిలోమీటర్లు పోయాక ఈల ఆగిపోయింది. పైపులు తగిలించని ఇంటర్‌కూలర్‌తో బండి ఇంతలా ఎలా లాగుతుంది?

కారు పక్కకు ఆపి కవరు విప్పాడు. తుప్పు బోల్టులు, తను దట్టించిన రెండు గుడ్డలు, వాటి కింద ఒక పోలీస్ స్టేషన్ రసీదు. రసీదు వెనక బాషా చేతిరాత.

"పని చెయ్యని వస్తువు బిగించేదానికి మనసొప్పలేదు సార్, కడిగి పైపులు తగిలించినా. తీసిన కంపెనీది కవర్లో పట్టలేదు, షెడ్డులో ఉండాది. లోపల దొరికిన నగల సంచి పాత ఓనరుదేమో, పాపం వెతుక్కుంటుంటాడని ఇప్పుడే స్టేషన్‌లో ఇచ్చొచ్చినా. మంచిపేరు మీకే రావాలని రసీదులో మీ పేరు, మీ బండి నంబరే రాయించినా."